కార్తీకం బాతుల లెక్క

మా బంధువుల ఇళ్లలో మా అక్క గురించి రెండు మాటలు చెప్పుకుంటారు. నలుగురూ ఒకచోట కూర్చుని కార్తీకమాసం ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. ధర్మవరంలో నేనూ, హిందూపురంలో అక్కా విడివిడిగా ఆకాశంలో పోయే బాతులను లెక్కపెడితే ఏటేటా ఇద్దరి లెక్కా ఒకటే వచ్చేదన్నది మొదటి మాట. అక్క బాతుల పిచ్చిలో పడి, కాళ్ల కింద ఏముందో చూడకుండా మిద్దె మీద నడిచి, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలో పడి కాలు విరగ్గొట్టుకుందన్నది రెండోది. మొదటి మాటకు ఆశ్చర్యపోతారు. రెండో మాటకు నవ్వుతారు. అక్క కూడా వాళ్లతో కలిసి నవ్వుతుంది.

మొన్న మాఘమాసంలో అక్క కూతురి పెళ్లిలోనూ ఇవే మాటలు నడిచాయి. అక్క కుడికాలు ఈడ్చుకుంటూ తాంబూలాలు పంచుతోంది. పెళ్లికొడుకు తరఫు పిల్లలు ఆ కాలు వైపు చూస్తే, ఎవరో పెద్దాయన వాళ్లకు బాతుల కథ చెప్పాడు. నేను పక్క వరుసలోనే ఉన్నాను. ఏదో చెప్పబోయాను. అంతలో వడ్డన వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ రెండు మాటల్లో ఏదీ నిజం కాదు. మొదటిది నిజం కాకపోవడం వల్లే రెండోది పుట్టింది.

మాది మగ్గం ఇల్లు. ముందుగదిలో గుంత మగ్గం, అందులో కాళ్లు దించుకుని నాయన. ఆ గదికి వీధివాకిలి తప్ప వేరే వెలుతురు లేదు. పట్టుపోగు వెంట్రుక కంటే సన్నం. పొద్దున్నుంచి దాన్నే చూస్తూ ఉంటే మధ్యాహ్నానికి కళ్లల్లో ఇసుక పోసినట్టు ఉండేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, పిల్లలందరినీ సాయంత్రం చెరువుకట్ట మీదికి తోలేది.

"పోండి, పోయి దూరం చూసి రాండి. దగ్గరిది చూసి చూసి కండ్లు ముడుచుకోని పోతాయి. ఎంత దూరం చూస్తే అంత ఇచ్చుకుంటాయి" అనేది.

ధర్మవరం చెరువు నిండిన ఏడు, కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు పొగలాగా కనిపించేది. దూరం చూడమంటే చూడడానికి అక్కడ బోలెడు దూరం ఉండేది. నీళ్ల మీద పొద్దు వాలుతుంటే కొండలు ఒకదాని వెనక ఒకటి పలచబడిపోయేవి. చివరి కొండ ఉందో, ఉందని మేము అనుకుంటున్నామో తెలిసేది కాదు. కార్తీకం రాగానే ఆ పలచటి చోటు నుంచే బాతులు వచ్చేవి. పెంచుకునే బాతుల్లాంటివి కావు. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల గీతలు. వాటి అసలు పేరు మాకు తెలియదు. కార్తీకం బాతులు అనేవాళ్లం. అవి ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే, మంచు కురిసే దేశం నుంచి అనేది అవ్వ. మంచు అంటే మాకు తెలిసింది పుష్యమాసంలో గడ్డి మీద కనిపించే తడి మాత్రమే.

ముందు గొంతులు వినిపించేవి. ఎక్కడో బావి లోపల మనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. ఆ తర్వాత కాసేపటికి ఆకాశంలో ఒక పోగు కదిలేది. అది వంగి, మధ్యలో తెగి, మళ్లీ అతుక్కుని, మా తలల మీదికి వచ్చేసరికి బాతుల బారు అయ్యేది. కొన్ని చెరువులో దిగేవి. కొన్ని దిగకుండా దక్షిణంగా పెనుకొండ వైపు పోయేవి.

లెక్కపెట్టడంలో అక్కను మించినవాళ్లు మా వీధిలో లేరు. పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేలకొద్దీ పోగులు. ఏది తప్పినా నేతలో గీత పడుతుంది. అక్క పదేళ్ల వయసు నుంచీ ఆ పనిలో ఉంది. సందెచీకట్లో కూడా తెగిన పోగును దూరం నుంచే కనిపెట్టేది. బాతులనూ అలాగే, చూపుడువేలు గాలిలో ఆడిస్తూ నాలుగేసి చొప్పున పక్కకు తీసేది. నేను పన్నెండు దాకా వచ్చేసరికి ఆమె లెక్క ముగించి నా మొహం చూసి నవ్వుతూ ఉండేది.

అక్కను హిందూపురంలో నూలు వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చాము. మా కులంవాళ్లే. మగ్గం దిగి అంగడి ఎక్కినవాళ్లు. పెళ్లయిన ఏడాది దీపావళికి అక్క పుట్టింటికి వచ్చింది. తిరిగి దిగబెట్టడానికి రైల్లో నేను తోడు వెళ్లాను. నాకు పదహారు, ఆమెకు పంతొమ్మిది. పొద్దు వాలుతోంది. బండి పెనుకొండ వైపు పోతుంటే అక్క కిటికీ బయటకు తల పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాతుల బారు ఒకటి బండికి పక్కగా, ఇంచుమించు బండితో సమానంగా పోతోంది. కంట్లో బొగ్గునుసి పడుతున్నా ఇద్దరం తల తీయలేదు. అవి పెనుకొండ కొండ వెనక్కు పోయాయి. కోటగోడలు ఎర్రగా వెలుగుతున్నాయి. బండి కొండ దాటేదాకా అటే చూస్తూ ఉన్నాం. అవతలి పక్క ఆకాశం ఖాళీగా ఉంది. ఆ తర్వాత కొండ అంచు నుంచి ఒకటి, రెండు, మొత్తం బారు బయటపడింది.

"అన్నీ ఉండాయిరా" అంది అక్క. కొండ ముందు ఎన్నో, కొండ తర్వాత అన్నే.

ఆమె కళ్లల్లో నీళ్లు చూసి బొగ్గునుసి అనుకున్నాను. ఆ బండిలోనే మా ఒప్పందం కుదిరింది. దీపావళి అమావాస్య వెళ్లాక మొదట కనిపించిన బారును ధర్మవరంలో నేను లెక్కపెట్టాలి. అదే బారు హిందూపురం మీదుగా పోతుంది కాబట్టి అక్కడ మిద్దె మీద నుంచి ఆమె లెక్కపెట్టాలి. కార్తీకంలో నేను చీరల మూట తీసుకుని హిందూపురం వచ్చినప్పుడు రెండు లెక్కలూ సరిచూసుకోవాలి. అవి నిజంగా అవే బాతులో కావో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు మాకు ఆ అనుమానమే రాలేదు.

మొదటి ఏడు నేను నిజాయితీగానే లెక్కపెట్టాను. ముప్పైఏడు. హిందూపురం వెళితే అక్క నలభై ఒకటి అంది. అప్పుడు మా బావ అరుగు మీద ఉన్నాడు. అక్క అత్తగారు వక్కలు కత్తిరిస్తోంది. ఆమెది మడకశిర. సగం కన్నడం, సగం తెలుగు.

"ఏమబ్బీ, నాలుగు యాడ పారేసినావు?" అంది అక్క.

"దావలో వండుకోని తినుంటాడులే" అన్నాడు బావ. "బామ్మర్ది మొకం చూడు, నున్నగా ఉండాది."

"మీ ఊర్ల పనీపాటా లేదేమప్పా? బాతులు ఎంచుకుంటా కూర్చుంటారా?" అంది అత్తగారు.

అందరూ నవ్వారు. అది ప్రేమతో నవ్విన నవ్వే. కానీ నాకు పదిహేడేళ్లు. మీసం మొలుస్తున్న రోజులు. ఆ నవ్వు రాత్రి రైల్లో కూడా నా వెంట వచ్చింది.

మరుసటి ఏడు అక్క అడగ్గానే "నువ్వు చెప్పు ముందు" అన్నాను. ఆమె చెప్పింది. "నాదీ అంతే" అన్నాను. నిజానికి నాది రెండు తక్కువ. అక్క చప్పట్లు కొట్టింది. బావ లేచి నా వీపు తట్టాడు. అత్తగారు చేతిలోని అడకత్తెర కింద పెట్టి, ఏదో దేవుడి మహిమ విన్నట్టు నా వైపు చూసింది. ఆ మాట అంగడికి పోయింది, అంగడి నుంచి ఊళ్లోకి పోయింది. ఆ తర్వాతి ఏడు నేను లెక్కపెట్టనే లేదు. కట్ట మీదికి పోవడం కూడా తగ్గిపోయింది. ఊళ్లోకి డేరా టాకీసు వచ్చేది. సాయంత్రమైతే మగ్గం దిగి అటే పోయేవాణ్ని. నా తల మీదుగా బాతులు పోతూనే ఉండి ఉంటాయి. "నాదీ అంతే" అనే రెండు ముక్కలతో నాలుగైదేళ్లు గడిచిపోయాయి. వాటితో ఎవరికీ ఏ నష్టమూ లేదనుకున్నాను. పైగా అక్కకు సంతోషం.

యుద్ధం రోజులు వచ్చాయి. కిరసనాయిలు దొరికేది కాదు. సందెవేళ అన్ని ఇళ్లూ చీకట్లో ఉండేవి. ఎదుటి మనిషిని గుర్తుపట్టలేనంత చీకటైతే తప్ప ఎవరూ బుడ్డి వెలిగించేవాళ్లు కాదు. ఆ ఏడు ఆషాఢంలో అక్కకు రెండో కాన్పు. తొలికాన్పు మా ఇంట్లో జరిగింది, రెండోది అత్తగారింట్లోనే. ఆ ఇంట్లో బాలింత పథ్యం గట్టిగా పట్టించేవాళ్లు. నెలల తరబడి పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. ఆకుకూర తింటే చంటిబిడ్డకు పడదని దాన్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. వాళ్లు ప్రేమతోనే చేశారు, తమకు తెలిసిందే చేశారు. వాళ్ల మీద తప్పు మోపడానికి ఇది రాయడం లేదు.

కార్తీకంలో ఎప్పటిలాగే చీరల మూటతో వెళ్లాను. అక్క కొంచెం చిక్కింది. బిడ్డను ఒళ్లో వేసుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ నేను చెప్పులు విప్పకముందే లెక్క అడిగేది. ఆ రోజు నేను మజ్జిగ తాగేదాకా ఊరుకుంది. అత్తగారు లోపలికి పోయాక మెల్లగా అడిగింది.

"ఈ తూరి చూసినావా?"

"చూడకేం."

"బాగా చూసినావా? మసక లేదు గదా?"

"అద్దంలో చూసినట్ల చూసినా."

"అయితే ఈ తూరి నువ్వు చెప్పు ముందు."

"అదేం కత? ఎప్పుడూ నువ్వే గదా ముందు. ఆనవాయితీ మారుస్తావా?"

ఆమె కాసేపు బిడ్డ తల నిమిరింది. బయట ఎండ ఉంది. వీధిలో ఎద్దులబండి పోతున్న చప్పుడు. "నలభైరెండు" అంది. ఆ మాట అంటూ నా పెదవుల వైపే చూసింది.

"నాదీ అంతే" అన్నాను.

అక్క కళ్లు మూసుకుంది. తెరిచి, గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. ఆ తర్వాత పాత అక్క అయిపోయింది. బావ మీద చాడీలు చెప్పింది, అత్తగారి కన్నడాన్ని గొంతు తగ్గించి అనుకరించింది. అన్నం వడ్డిస్తూ నాకు రెండుసార్లు నెయ్యి వేసింది. తిరుగుబండిలో నేను హాయిగా నిద్రపోయాను. పెనుకొండ ఎప్పుడు దాటిందో తెలియదు.

వారం తిరక్కుండానే బావ మా ఇంటికి వచ్చాడు. మనిషి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. గడపలోనే నిలబడి, "మీ అక్క బాతులు చూస్తా చూస్తా గవాక్షిలో పడిపోయిందబ్బా" అన్నాడు.

మా వైపు మట్టిమిద్దెల సంగతి తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. గదిలోకి వెలుతురు రావడానికి మిద్దె మధ్యలో ఒక రంధ్రం వదులుతారు. దాన్నే గవాక్షి అంటాం. అక్కవాళ్ల ఇంట్లో అది పెద్దది. మిద్దె మీద ఎండబోసిన వేరుశనక్కాయలను అందులో నుంచే కింది గదిలోకి పోసేవాళ్లు. వానాకాలంలో దాని మీద బండ కప్పుతారు. వానలు తగ్గగానే తీసేస్తారు. అక్క ఆ రంధ్రంలో నుంచి పడింది. కింద శనక్కాయల కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది. కుడితొడ ఎముక విరిగింది. హిందూపురంలోనే కట్టు కట్టించారు. కొంచెం కుదుటపడ్డాక బండిలో పరుపు పరిచి మా ఇంటికి తీసుకొచ్చారు. ఎముక అతుక్కుంది కానీ కాలు పొట్టిదైపోయింది.

ఆమె వచ్చిన మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం. నేను మగ్గం గుంతలో ఉన్నాను. చూపు ఆనడం లేదు, అయినా వరుస ముగిద్దామని నేస్తున్నాను. పక్కన చాప మీద అక్క పడుకుని ఉంది. అవ్వ ఆమె ముందు మజ్జిగ గ్లాసు పెట్టింది. అక్క చెయ్యి చాచి గ్లాసు పక్కన నేలను తడిమింది. ఆ తర్వాత ఇంకొంచెం అవతల తడిమింది.

"ఏమ్మే, గ్లాసు ఈడుంటే ఆడ ఎతుకుతాండావు?"

"ఉండు అవ్వా, చీకటి గదా."

"యాడ చీకటి? నాకే కనపడతాండాది, నీకేం రోగం?" అవ్వ ఆమె మొహం ముందు వేళ్లు ఆడించింది. అక్క రెప్ప కొట్టలేదు. "ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

అక్క తడుముతున్న చెయ్యి వెనక్కు తీసుకుంది. ఆ తర్వాత చెప్పింది. కాన్పయిన రెండు మూడు నెలల నుంచి పొద్దుగూకితే అంతా బూడిద కలిపినట్టు అయిపోయేదట. బిడ్డ తల్లికి కళ్లు పోయాయంటే ఆ ఇంట్లో ఏమనుకుంటారో అని భయపడిందట. మగ్గం ఇంటి నుంచి వచ్చిన పిల్ల, కళ్లను చూసే మెచ్చి చేసుకున్నారు.

"అందుకే బాతుల కోసం కాచుకోని కూచున్నా అవ్వా. అవి వస్తే కండ్లు ఉండాయో ల్యావో తెలిసిపోతాది అనుకొంటి. అరుపులు ఇనపడినాయి. పైన ఏదో మసగ్గా పోయినట్ల ఉండింది. నలభైరెండు అనుకొన్నా, ఊరికే అట్ల అనిపిచ్చింది. మళ్ల అబ్బి వచ్చినాడు, వాడిదీ నలభైరెండే. వాడు అద్దంలో చూసినట్ల చూసినా అన్న్యాడు. అయితే నాకు కనపడినట్లే గదా. నాదంతా వట్టి భయమే అనుకొంటి."

అందుకే ఆ రోజు మాపటేళ అత్తగారు లాంతరు తీసుకొమ్మంటే, కిరసనాయిలు దండగ ఎందుకు, కళ్లున్నాయి కదా అని దీపం లేకుండానే మిద్దె ఎక్కిందట.

నా కాళ్లు మగ్గం తొక్కుడుకర్రల మీద ఆగిపోయాయి. మగ్గం చప్పుడు ఆగితే వాళ్లు నా వైపు చూస్తారని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాను. ఆ చీకట్లో నేసిన జానెడు గుడ్డను మరునాడు నాయన విప్పించాడు.

"రేచీకటమ్మా ఇది. పథ్యం ఎక్కువై వచ్చింది. మునగాకు, మేక కార్జం తింటే పదైదు దినాల్లో పోతాది" అంది అవ్వ. అలాగే పోయింది. అక్క చూపు నెల తిరిగేసరికి మామూలైపోయింది. సందెచీకట్లో మళ్లీ పోగులు అతకసాగింది. "ఈ ముక్క ముందే తెలిసింటే" అని అవ్వ ఒక్కసారి అంది. ఎవరితోనూ కాదు, గంపలో మునగాకు దూస్తూ ఆకుతో అన్నట్టు అంది.

అవ్వ పోయింది, నాయన పోయాడు. నేను పెళ్లి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు. బావ నోట ఆ గవాక్షి కథ ఏడాదికేడాది ముదిరింది. బాతులు తలకు తగిలేంత కిందికి వచ్చాయని, అక్క చెయ్యి చాచి పట్టుకోబోయిందని కూడా కలిపాడు. అది మంచి కథ. భార్య కాలు విరిగిన బాధను మరిచిపోవడానికి ఆయన కట్టుకున్న కథ. ఎవరికీ దాన్ని చెరపాలనిపించదు. నాకు మాత్రం ఆ తర్వాత కార్తీకం వస్తే కట్ట మీదికి పోబుద్ధయ్యేది కాదు. పోయేవాణ్నే. తల ఎత్తకుండా నీళ్లల్లోకి చూస్తూ నిలబడేవాణ్ని. అవి నీళ్లల్లో కూడా కనిపించేవి.

పోయిన కార్తీకంలో అక్క కూతురి పెళ్లిచీరలు నేయించుకోవడానికి వచ్చింది. సాయంత్రం తనే "కట్ట మీదికి పోదాం పారా" అంది. మెల్లగా నడిచాం. కట్ట ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది. ఆ ఏడు వానలు పడ్డాయి. చెరువు నిండి ఉంది. గాలి లేదు. అవతలి ఒడ్డున ఎవరో పిల్లవాడు గొర్రెలను తోలుకుపోతుంటే ఆ గంటల చప్పుడు నీళ్ల మీద నడిచి వస్తున్నట్టుగా ఉంది. అక్క కాలు చాపుకుని రాతి మీద కూర్చుంది. నేను పక్కన నిలబడే చెప్పాను. అన్ని ఏళ్లదీ చెప్పాను. నలభైరెండు సంగతీ చెప్పాను. మగ్గం గుంతలో ఉండి విన్నానని కూడా చెప్పాను.

అక్క చాలాసేపు చెరువు వైపు చూసింది. ఆమె కోపపడితే బాగుండుననిపించింది.

"అయితే ఆ ఏడు ఎన్ని పోయినాయిరా?" అంది.

"తెలీదక్కా."

"నాకు కనపడల్యా. నువ్వు చూడల్యా." చాపిన కాలు సర్దుకుంది. "పాపం, ఆ ఏడు అవి ఎవురి లెక్కా లేకుండానే పోయినాయి."

ఆమె మోకాలు నొక్కుకుంటూ మళ్లీ అంది.

"ఒకటి చెప్తా ఇను. నేను ఆపొద్దు బాతుల కోసం పోలేదురా. శనక్కాయలు ఎత్తను పోయినా. మంచు పడితే బూజు పడతాయని. గంప కూడా నా చేతిలోనే ఉండె. బాతులు అరిచినాయో ల్యావో కూడా నాకు గ్యాపకం ల్యా. ఇరవై ఏండ్లుగా పిచ్చిదాన్ని చేసి నవ్వుతాండారు. నేనూ నవ్వుతాండా. నీది నువ్వు చెప్తే చెప్పు, ల్యాకుంటే ల్యా. గంప సంగతి మాత్రం చెప్పు."

చెబుతాను అన్నాను. మాఘంలో పెళ్లిపంక్తిలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆమె చేతిలో గంప ఉంది. ఆమె పని చేయడానికి మిద్దె ఎక్కింది. తన కళ్ల మీద ఆమెకు వచ్చిన అనుమానం నిజమైన అనుమానం. దాన్ని పోగొట్టింది నేను.

ఆ కార్తీకం సాయంత్రం మేము ఇంకా కట్ట మీదే ఉన్నాం. కొండలు పలచబడిపోయాయి. ముందు గొంతులు వినిపించాయి, బావి లోపలి నుంచి వచ్చినట్టు. అక్క చూపుడువేలు ఎత్తింది. నేనూ తల ఎత్తాను. పోగు కదిలింది, వంగింది, మా మీదికి వచ్చింది. రెక్కల గాలి చప్పుడు కూడా వినిపించేంత కిందుగా పోయాయి. ఇద్దరం పెదవులు కదుపుతూ, పెనుకొండ వైపు అవి మసకలో కలిసిపోయేదాకా చూశాం.

"చెప్పు" అంది అక్క.

ఈసారి నేనే ముందు చెప్పాను. "ముప్పైఒకటి."

"ముప్పైనాలుగు." నా వైపు తిరిగింది. ముసలితనం రాబోతున్న ఆ మొహంలో రైలు కిటికీ దగ్గరి మొహం ఒక్క క్షణం కనిపించింది. "ఏమబ్బీ, మూడు యాడ పారేసినావు?"

"నాకు ముప్పైఒకటే కనపడినాయక్కా" అన్నాను.

"సరే, అట్లే ఉండనీ" అని, లేవడానికి నా భుజం అందుకుంది.